గీకుడు గది మేస్త్రీ

మార్కాపురం,
11 ఫిబ్రవరి 1940, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి కృష్ణవేణమ్మకు నాయన దీవించి రాయడం ఏమనగా: ఇక్కడ నేనూ మీ అమ్మా ప్రాణాలతో ఉన్నాం, వేళకు తింటున్నాం, ఎవరి మానాన వాళ్ళం తిరుగుతున్నాం. క్షేమం అన్న మాటకు ఇంతకు మించిన అర్థం మీ అమ్మ ఈ నెలలో ఒప్పుకోదు. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, చెన్నపట్నం దోమలూ కుశలమే అనుకుంటాను.

నీ జాబు జనవరి ఆఖరు తేదీన అందింది. తిరుగు టపాలో జవాబు రాయమన్నావు. పదకొండు రోజులు ఆలస్యం చేశాను. ప్లీడరును గదా, వాయిదా వేయడం నా వృత్తి. నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. అమ్మ మోకాలు ఎలా ఉంది? నేను కాంగ్రెసులో చేరానని ఎవరో చెప్పారట, నిజమేనా? నువ్వు పంపిన పద్యాల పుస్తకం చదివానా? నాలుగోది, మన పలకల షెడ్డు మేస్త్రీ వరప్రసాదాన్ని ఈ నెల ఇరవయ్యారో తేదీన మద్రాసు రేడియో వాళ్ళ గొంతు పరీక్షకు పంపుతానా? అల్లుడుగారు వాళ్ళనూ వీళ్ళనూ బతిమాలి అతని పేరు వేయించారని రాశావు. "ఒక్కసారి వింటే చాలు నాయనా, వాళ్ళిక వరప్రసాదాన్ని వదలరు" అని రాసి కింద గీత కూడా గీశావు. గీత గీసినంత మాత్రాన ఆ ప్రశ్న ముందుకు రాదు. నాలుగోదాన్ని నాలుగోదిగానే చెబుతాను.

మీ అమ్మ మోకాలు బాగుంది. బాగుందని ఆమె చెప్పలేదు, నేను చూసి రాస్తున్నాను. నీ జాబు అందిన రోజు నుంచీ ఆమె నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, నీళ్ళు తోడుతుంది, కోర్టు కోటు ఉతికి మడత పెడుతుంది. చెంబు కింద పెట్టేటప్పుడు మాత్రం వీధి చివర దాకా వినబడేటట్టు పెడుతుంది. వెంకటసుబ్బులమ్మ మౌనం ఎట్లా ఉంటుందో నీకు కొత్త కాదు. నీ పెళ్ళినాడు మా పెదనాన్న కొడుకుతో మొదలుపెట్టింది ఇంకా కొనసాగుతూనే ఉంది.

కాంగ్రెసు సంగతి. చేరలేదు, చేరను. పోయిన అక్టోబరులో మంత్రులు రాజీనామా ఇచ్చినప్పటినుంచీ ఇక్కడ పుల్లయ్యకు పూనకం తగ్గలేదు. మన ఎదురింటి ధాన్యం వ్యాపారి పుల్లయ్యే. ఖద్దరు కట్టాక మనిషి పూర్తిగా మారిపోయాడని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. నిజమే, ఇదివరకు హమాలీలను "ఒరే" అని పిలిచేవాడు, ఇప్పుడు "ఒరే సోదరా" అంటున్నాడు. జస్టిస్ పార్టీ నరసింహులు సంగతి అడగవద్దు. బిరుదు వస్తుందని పదేళ్ళుగా తలపాగా మడత నలగకుండా కాపాడుకుంటున్నాడు. బిరుదు రాలేదు గాని మెడ పట్టేసింది. ఇక మితవాదులం. మొత్తం ఈ రెండు మూడు తాలూకాలకు ముగ్గురం ఉండేవాళ్ళం. గిద్దలూరు ఆయనకు పక్షవాతం. కంభం ఆయన పోయిన ఏడు కాలం చేశాడు. కాబట్టి ప్రస్తుతం మా పార్టీ మహాసభ జరపాలంటే నేను అద్దం ముందు నిలబడితే సరిపోతుంది.

నవ్వకు. నేను నమ్మినవి అబద్ధాలు కావు. త్రిపురాంతకం దగ్గర చెలక దున్నుకునే రైతు కొడుకును నేను. చట్టం అనేదొకటి ఉండబట్టి, బడి అనేదొకటి ఉండబట్టి నల్లకోటు వేసుకున్నాను. గుంపు అరిచినంత మాత్రాన మాట నిజమైపోదని, మనిషిని కులం చూసి కాక గుణం చూసి నిలబెట్టాలని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. పోయిన నెల రీడింగు రూములో "స్వేచ్ఛ" మీద ఉపన్యసించాను. అయిదుగురు వచ్చారు. ఒకడు వర్షానికి వచ్చాడు, ఒకడు నిద్రపోయాడు, ఇద్దరు దావా గురించి మాట్లాడటానికి నా కోసం కాచుకున్నవాళ్ళు. అయిదోవాడు చప్పట్లు కొట్టాడు. వాడికి చెవుడు.

పద్యాల పుస్తకం చదివాను. నూట పన్నెండు పేజీలు. నలభై మూడు చోట్ల కన్నీరు కారింది, ఎక్కడా ఒక్కరికీ ఆకలి వేయలేదు. ఆ కవి తన ప్రేయసిని వెన్నెలలో చూశానంటాడు, పొగమంచులో చూశానంటాడు, చివరికి ఆమె ఉందో లేదో తనకే తెలియదంటాడు. ఇటువంటి సాక్షిని నేను బోనులో రెండు నిమిషాలు కూడా నిలబడనివ్వను. వాడుక భాషలో రాశాడని నువ్వు మెచ్చుకున్నావు. వాడుక భాషకు నేనూ అనుకూలుణ్ణే, ఈ జాబే అందుకు సాక్ష్యం. కాని ఏ ఊళ్ళో, ఏ ఇంట్లో వాడుకలో ఉన్న భాష అది? మన దుకాణాల వీధిలో అట్లా మాట్లాడితే భూతవైద్యుణ్ణి పిలుస్తారు. పుస్తకం తిప్పి పంపుతున్నాను. అల్లుడుగారికి నిద్ర పట్టనప్పుడు పనికొస్తుంది.

నువ్వు ఈపాటికి పసిగట్టే ఉంటావు, నేను నాలుగో ప్రశ్నకు రాకుండా ఊరంతా తిరుగుతున్నానని. చిన్నప్పుడు లెక్క తప్పు చేసినప్పుడు నువ్వూ ఇట్లాగే పలక వెనక్కి దాచుకుని పిల్లి గురించి, పాలవాడి గురించి చెప్పేదానివి. సరే, వస్తున్నాను. కాని దానికి ముందు సంగీతం గురించి కొంత చెప్పాలి. అది లేకపోతే తక్కినది నీకు అర్థం కాదు.

నేను ఫిడేలు పట్టి ఇరవై రెండేళ్ళు. పొదిలి నుంచి పంతులుగారు వారానికి రెండు రోజులు బండి కట్టించుకుని వచ్చి చెప్పారు. వర్ణాలు పదిహేను, కీర్తనలు యాభై పైచిలుకు వచ్చు. రాగం తప్పను, తాళం తప్పను. అయినా ఈ ఇరవై రెండేళ్ళలో "ఇంకొకటి వాయించండి" అని నన్ను అడిగిన మనిషి లేడు. బిళహరి వాయిస్తే బాగుందనేవాళ్ళు, వెంటనే వర్షాల గురించి మాట్లాడేవాళ్ళు. నీకప్పుడు ఏడేళ్ళు. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని వాయిస్తుంటే లేచిపోయి వీధి కిటికీ తెరిచావు. క్వారీ నుంచి రాతి బండి వస్తోంది. దాని మీద కూర్చుని మిషను పల్లె వరప్రసాదం పాడుకుంటూ వస్తున్నాడు. వాడికప్పుడు పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. "నాయనా, నువ్వు కొంచేపు ఊరుకో, బండి పోయినాక వాయించుకో" అన్నావు. నీకు గుర్తుండదు. నేను మరిచిపోలేదు.

వాడికి సంగీతం ఎవరూ చెప్పలేదు. చర్చిలో పాడే కీర్తనలు, ఎద్దుల వెనక తానే కట్టుకున్న పాటలు. నాదనామక్రియ అన్న పేరు తెలియకుండా ఆ రాగంలో తిరిగేవాడు. నేను ఏళ్ళ తరబడి కిందా మీదా పడి చదువుకున్నదాన్ని వాడు నమిలి ఊసినంత సులువుగా పాడుతుంటే వినడం ఎట్లాంటిదో చదువుకున్నవాడికే తెలుస్తుంది. కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ మంట ఉంది, పోలేదు.

నీ పెళ్ళయి నువ్వు మద్రాసు వెళ్ళిన ఏడు, ముప్పై ఆరు డిసెంబరులో, రీడింగు రూము వార్షికోత్సవం జరిగింది. దాని గురించి నీకు గొప్పగా రాశాను. వేదిక మీద, నా పక్కన, అదే జంపఖానా మీద వరప్రసాదాన్ని కూర్చోబెట్టాను. పుల్లయ్య, నరసింహులు పార్టీలు మరచి ఒక్కటై "పల్లె వాళ్ళను పీట ఎక్కిస్తే మేముండం" అని లేచిపోయారు. నేను కదల్లేదు. "గొంతుకు కులం లేదు, వెళ్ళేవాళ్ళు వెళ్ళవచ్చు" అన్నాను. ఆ మాట పత్రికలో కూడా పడింది. నువ్వు కత్తిరించి దాచుకున్నానని రాశావు. అక్కడి దాకా అంతా నిజం. తరువాత జరిగినది నీకు రాయలేదు.

మొదట నేను అరగంట వాయించాను. తాంబూలాలు తిరిగాయి, చంటిపిల్లలు ఏడ్చారు, జనం చెవులు కొరుక్కున్నారు. తరువాత వరప్రసాదం ఎత్తుకున్నాడు. నేను వెనక ఫిడేలు పట్టాను. రెండో చరణానికల్లా లేచిపోయినవాళ్ళు సగం మంది సందులో నిలబడి ఉన్నారు. పుల్లయ్య కిటికీ ఊచ పట్టుకుని ఉన్నాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మీ అవ్వ, నన్ను కన్న తల్లి ఆదిలక్ష్మమ్మ, సభంతా వినేటట్టు అంది:

"ఒరే రంగా, ఆ ఫిడేలు కొంచేపు కింద పెట్టరా. ఆ పిల్లోని పాటకు అడ్డమొస్తాంది."

సభ గొల్లున నవ్వింది. నవ్వనివాడు వరప్రసాదం ఒక్కడే. నావైపు తిరిగి, చేతులు జోడించి, మీ అవ్వతో అన్నాడు: "అట్లనాకమ్మా. అయ్య ఎనకాల ఉండబట్టే నాకు శ్రుతి నిలబడినాది." మీ అవ్వ మాటకు నాకు సిగ్గు వేసింది, అంతే. వాడి జాలికి మాత్రం కడుపు మండిపోయింది. బండి తోలేవాడు నన్ను చూసి జాలిపడ్డాడు. ఆ మాట ఈ రోజుకూ చెవిలో ఉంది.

నెల తిరక్కుండా వరప్రసాదాన్ని బండి దించి, మన షెడ్డులో పలకలు నున్నగా గీకే గీకుడు గదికి మేస్త్రీని చేశాను. అది కూడా నీకు గొప్పగానే రాశాను. పాత మేస్త్రీ కాశయ్య దగ్గి దగ్గి పోయాడు, ఆ చోటు ఖాళీగా ఉంది. పిలిచి చెప్పినప్పుడు వరప్రసాదం తటపటాయించాడు. "బండే బాగుండాదయ్యా నాకు. ఎద్దులు నా పాటకు మరిగినాయి" అన్నాడు. నేను ఉపన్యాసం ఇచ్చాను. "ఎన్నాళ్ళు బండి తోలుతావు? మీ పల్లెలో ఇంతవరకు ఏ మనిషినైనా మేస్త్రీ గారూ అని పిలిచారా? నువ్వు వెనక్కి తగ్గితే మీ పిల్లలకు దారేది?" అన్నాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాడు వాడి భార్య దానమ్మ నల్లమల తేనె చెంబుతో తెచ్చింది. వీధి అరుగు మీద, అందరూ చూస్తుండగా, వేలు ముంచి నాకాను. మిషను వాళ్ళు చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేశారట. నువ్వు జాబులో "నాయనా, నీ కూతురినని చెప్పుకోవడం గర్వంగా ఉంది" అని రాశావు. ఆ జాబు కూడా నా పెట్టెలోనే ఉంది.

ఇప్పుడు పోయిన నెల ఆఖరు రోజుకు వద్దాం. నీ జాబు రాగానే మీ అమ్మ చదివించుకుని వింది. ముఖం చేటంత చేసుకుని, నన్ను అడగకుండానే మనిషిని పంపి వరప్రసాదాన్నీ దానమ్మనూ పిలిపించింది. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. వరప్రసాదాన్ని నువ్వు చూసి ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో అయినట్టుంటుంది ఇప్పుడు మనిషి. నిజానికి మూడేళ్ళే. ముప్పై అయిదేళ్ళవాడు, భుజాలు ముందుకు పడిపోయాయి. "పాప ఏం రాసినాదో ఇనిపీండి" అని మీ అమ్మ నన్ను అడిగింది. నేను చదివాను. ఆపవచ్చు, ఆపలేదు. "వాళ్ళిక వరప్రసాదాన్ని వదలరు" అన్న దాకా, గీతతో సహా, మొత్తం చదివాను.

వరప్రసాదం ఏదో అన్నాడు. ఎవరికీ వినబడలేదు. దానమ్మ వంగి వాడి నోటి దగ్గర చెవి పెట్టి మాకు చెప్పింది: "చిన్నమ్మ నన్ను మర్సిపోలేదే, అంటాండాడమ్మా."

మీ అమ్మ తెల్లబోయింది. "ఏందిరా, జలుబు చేసినాదా?" అంది.

"జలుబు గాదమ్మా, గొంతే పోయినాది" అంది దానమ్మ. "పోయిన ఉగాదికే గీర వచ్చినాది. వానలు పడినాక మాట కూడా పడిపాయె. నీకు చెప్తామంటే, అయ్య ఇచ్చిన పని మీద చాడీ చెప్పినట్టయితాదని ఈయన వద్దన్నాడు." తరువాత నావైపు తిరిగింది. "అయ్యా, ఇరవయ్యారో తేదీకి ఇంకా శానా దినాలుండాయి గదా. ఆ గది నుంచి ఈ నాల్గు వారాలు తప్పించినారంటే గొంతు వస్తాదేమో. కరక్కాయ అరగదీసి పోస్తా, మిరియాల కషాయం పోస్తా. మీరు పెద్ద సదువు సదివినోళ్ళు, వస్తాదని ఒక్క మాట చెప్పండయ్యా."

రాదని నాకు తెలుసు. అయినా "చూద్దాం" అన్నాను. కోర్టులో ఓడిపోయే కక్షిదారుకు చెప్పే మాటే అది. మర్నాడు కంభం నుంచి డాక్టరును కూడా పిలిపించాను. ఆయన గొంతులోకి దీపం వేసి చూసి, రొమ్ము మీద చెవి పెట్టి, నాతో ఇంగ్లీషులో చెప్పాడు. మాట కొంచెం రావచ్చు, పాట రాదు, మనిషి కూడా ఎన్నో ఏళ్ళుండడు. దానమ్మకు తెలుగులో "విశ్రాంతి కావాలి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

వాళ్ళు అరుగు దిగి వెళ్ళాక ఆ రోజే మీ అమ్మ లోపలికి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఆమెకు ఇంగ్లీషు రాదు గాని, ఆమెకున్న జ్ఞాపకశక్తి నా గుమాస్తాకు కూడా లేదు.

"ఆ గీకుడు గది దుమ్ము మీద మీరు పేపరుకు రాసినారు గదా, ముప్పై అయిదులో" అంది. "వంట చేస్తాంటే నన్ను పీట మీద కూచోబెట్టి తెనుగులో చదివి చెప్పినారు. ‘రెండేండ్లకు దగ్గు, మూడేండ్లకు గొంతు, ఆరేండ్లకు మనిషి.’ అందరికన్నా ముందర మేస్త్రీ పోతాడు అని కూడా రాసినారు. రాయలేదా?"

"రాశాను."

"అయితే తెలిసే పెట్టినారా?"

నేను చెప్పవలసినవన్నీ చెప్పాను. ఎవడో ఒకడు ఆ పని చేయాలని, వాడు తన ఇష్టంతో ఒప్పుకున్నాడని, హోదా పెరిగిందని, బలవంతం ఏమీ లేదని. మీ అమ్మ అంతా విని, "ఆ షెడ్డు మా నాయన ఇచ్చినాడు మీకు" అంది. అంతే. అదే చివరి మాట.

ఇక నీ నాలుగో ప్రశ్నకు జవాబు. వరప్రసాదం రాడు, పాడలేడు. తెలిసే పెట్టాను.

ఆ గది నీకు తెలుసు గాని, చిన్నపిల్లవు, నిన్ను లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. రాతిని రేకులుగా చీల్చి, కొలతకు కోసి, ఆ గదిలో ఇనుప బద్దతో నున్నగా గీకుతారు. తడిపితే పలక మీద మచ్చ పడుతుందని పొడిగానే గీకాలి. వీధివైపు కిటికీలకు మేకులు కొట్టేశాం. ఇరుగుపొరుగు వాళ్ళు వడియాల మీద దుమ్ము పడుతోందని దావాకు వస్తే, మూసేస్తామని కాగితం రాసిచ్చింది నేనే. గీకేవాళ్ళు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంటారు, బుగ్గన బెల్లం ముక్క పెట్టుకుంటారు. మేస్త్రీకి ఆ రెండూ కుదరవు. గది నడుమ కూర్చుని, గీకిన ప్రతి పలకా చూసి, బయటి గదిలో రాసుకునేవాడికి వినబడేటట్టు ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అని పొద్దస్తమానం కేకవేసి చెప్పాలి. అంత దుమ్ములో నోరు మూయని మనిషి ఆ గదిలో వాడొక్కడే. నా వ్యాసంలో ఆ సంగతికి ఒక పేరా మొత్తం ఇచ్చాను. కింద నా పేరు వేసుకోలేదు, "ఒక మితవాది" అని సంతకం చేశాను. వైద్యులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు.

వాడిని ఆ చోటుకు వేస్తూ కాగితం రాస్తున్నప్పుడు ఆ పేరా నాకు గుర్తుంది. గుర్తులేదని నీకు రాయవచ్చు, నువ్వు నమ్ముతావు కూడా. వాడు చచ్చిపోవాలని అనుకోలేదు, ఒట్టు. ఆ గొంతు పోవాలి, అంతే. పోయాక మళ్ళీ బండి మీదికి పంపుదామనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, మొదలుపెట్టాను గనుక. ఈ మూడేళ్ళూ ప్రతి ఆదివారం నేను చర్చి గోడ వారగా వాకింగుకు వెళ్ళాను. సర్వమత సమభావం అని ఊళ్ళో అనుకున్నారు. పై షడ్జం అందుకుంటున్నాడా లేదా అని వినడానికి వెళ్ళేవాణ్ణి. మొదటి ఏడు అందుకున్నాడు. రెండో ఏడు వానాకాలంలో ఒక ఆదివారం అక్కడి దాకా వచ్చి, దగ్గి, కింద స్థాయిలో ముగించాడు. ఆ రోజు ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఫిడేలు తీసి రెండు గంటలు వాయించాను. సంతోషంగా వాయించాను. ఆ రోజు ఏమి వండినా బాగుందన్నానని మీ అమ్మ ఆశ్చర్యపోయింది.

పోయిన గురువారం నుంచి వాణ్ణి గది మాన్పించి గేటు దగ్గర కూర్చోబెట్టాను. దానమ్మ మళ్ళీ తేనె తెచ్చింది. మీ అమ్మ ఆ చెంబు నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున వరప్రసాదం ఒక్కడే వచ్చాడు. అరుగు మీద నా దగ్గరగా కూర్చుంటే గాని వినబడదు. ఒక్కొక్క మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు: "చిన్నమ్మ అంత తిప్పలపడి రాయించినాది. ఆ తేదీ ఊరికే పోగొట్టొద్దయ్యా. మీరు పోండి. పాట నేను చెప్తా, ఫిడేలు మీద పలికించండి. నా గొంతు ఎట్లా రాదు, పాటన్నా పట్నం చూస్తాది."

ఏమనుకుంటున్నావో నాకు తెలుసు. వద్దన్నానని రాస్తాననుకుంటున్నావు. నేనూ వద్దందామనే నోరు తెరిచాను. తెరిచి, లోపలికి వెళ్ళి ఫిడేలు తెచ్చాను.

మూడు రోజులుగా వస్తున్నాడు. నీ కిటికీ దగ్గర నువ్వు విన్న ఆ బండి పాటే. వాడు నా చెవిలో గుసగుసగా ఒక సంగతి, పాటలో ఒక మెలిక, చెబుతాడు, దగ్గుతాడు, నీళ్ళు తాగుతాడు, మళ్ళీ చెబుతాడు. నేను తప్పు వాయిస్తే తల ఊపడు, వేలితో నా కమాను మీద తట్టి ఆపుతాడు. ఒక చరణానికి ఒక పూట పట్టింది. నాకు యాభై రెండేళ్ళు, పొదిలి పంతులుగారి దగ్గర రాని విషయం ఈ మూడు రోజుల్లో పట్టుబడింది. నిన్న సాయంత్రం మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వాయించాను. వీధిలో పోయే పుల్లయ్య చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చున్నాడు. "ఇంకొకసారి వాయించండి ప్లీడరుగారూ" అన్నాడు. ఇరవై రెండేళ్ళకు, కృష్ణవేణీ. వరప్రసాదం ఏడుస్తూ నవ్వుతున్నాడు. మీ అమ్మ గడప దాకా వచ్చి విని, "అది మీది కాదు" అని లోపలికి పోయింది. అదీ నాతో కాదు, గోడతో అంది.

వాడికి చెప్పావా అని అడుగుతావు. చెప్పలేదు. ఇప్పుడు చెబితే రేపటి నుంచి రాడు, ఆఖరి చరణంలో రెండు సంగతులు ఇంకా నాకు కుదరాలి. ఇరవయ్యారో తేదీ తరువాత చూద్దాం. నీకు చెప్పాను గదా. మనిషి చేసిన తప్పు నిజాయితీగా ఒప్పుకోవాలని నేను ఎప్పుడూ అనేవాణ్ణి, ఒప్పుకున్నాను. చాలా తేలికగా ఉంది.

ఇరవై నాలుగో తేదీన మార్కాపురం రోడ్డులో రైలెక్కి గుంటూరు మీదుగా వస్తాను. అల్లుడుగారిని స్టేషనుకు పంపు, ఫిడేలు పెట్టె కూలివాడి చేతికి ఇవ్వలేను. రేడియో వాళ్ళ దగ్గర గాత్రం అని ఉన్నచోట ఫిడేలు అని, పేరు ఉన్నచోట నా పేరు దిద్దించమను. పాట ఎవరిదని అడిగితే మిషను పల్లె వరప్రసాదానిదని చెప్పమని వాడు నా చెయ్యి పట్టుకుని అడిగాడు. చెబుతానన్నాను. తరువాత ఆలోచించాను. వాళ్ళు అడగకుండా మనంతట మనం ఎత్తడం బాగుండదు. అల్లుడుగారికి కూడా చెప్పి ఉంచు, అక్కడ వరప్రసాదం పేరు తేవద్దని.

ఇట్లు,
నీ మేలు కోరే నాయన,
రంగయ్య.